తమ్ముడి కేసులో ఎవరి రిపోర్టు కావాలి: సైకియాట్రిస్టుదా, సైకాలజిస్టుదా?

ప్రశ్న: డాక్టర్ గారికి నమస్కారం. మాది ప్రకాశం జిల్లా. మా తమ్ముడికి 34 ఏళ్లు. స్కిజోఫ్రీనియాకి ఏడేళ్లుగా గుంటూరులో ఒక డాక్టరు గారి దగ్గర మందులు వాడుతున్నాడు. బాగానే ఉన్నాను కదా అని ఈ మధ్య నాలుగు నెలలు మానేశాడు. పక్కింటాయన తన మీద చేతబడి చేయిస్తున్నాడన్న అనుమానంతో పార తీసుకుని కొట్టాడు. దేవుడి దయ, ఆయన బతికారు. హత్యాయత్నం కేసు పెట్టారు. తమ్ముడు రెండు నెలలుగా రిమాండ్‌లో ఉన్నాడు. మానసిక పరీక్ష కోసం పిటిషన్ వేద్దామని మా లాయరు గారు అంటున్నారు. మా బావగారేమో ఎవరో ఫోరెన్సిక్ సైకాలజిస్టు 40 వేలిస్తే మతిస్థిమితం లేదని రిపోర్టు ఇస్తారని, దాంతో కేసు కొట్టేస్తారని చెబుతున్నారు. ఫోరెన్సిక్ సైకియాట్రిస్టు రాస్తేనే చెల్లుతుందని ఇంకొకరు. ఇద్దరూ ఒకటి కాదా? స్టేషన్‌లో ఎవరో లై డిటెక్టర్ మాట కూడా అన్నారట, అదొక టెన్షన్. ఇదంతా చూసి ఇంటర్ బైపీసీ చదువుతున్న మా అమ్మాయి తనూ ఈ చదువే చదువుతానంటోంది. ఏ దారిలో వెళ్లాలో కూడా చెప్పగలరు. — ఒక అక్క

జవాబు: అమ్మా, ముందు ఆ 40 వేలు మీ దగ్గరే ఉంచుకోండి. రిమాండ్‌లో ఉన్న మనిషిని కోర్టు అనుమతి లేకుండా బయటివాళ్లు వెళ్లి పరీక్షించడం కుదరదు. అంటే మీ బావగారు చెబుతున్న రిపోర్టు రాసే ఆయన మీ తమ్ముడి మొహం కూడా చూడకుండా రాస్తారన్నమాట. అలాంటి కాగితం కోర్టులో నిలబడదు సరికదా, రేపు నిజమైన రిపోర్టు వచ్చినా దాన్ని కూడా అనుమానంతో చూసేలా చేస్తుంది. మీ లాయరు గారు చెప్పిందే సరైన దారి. పిటిషన్ వేయించండి.

ఇక మీరడిగిన తేడా. సైకియాట్రిస్టు అంటే ఎంబీబీఎస్ చదివి, ఆ తర్వాత మానసిక వైద్యంలో ఎండీయో, డీఎన్‌బీయో, డిప్లొమాయో చేసిన డాక్టరు. మందులు రాస్తారు, ఆసుపత్రిలో చేర్చుకుంటారు. మనిషి తేడాగా ప్రవర్తిస్తుంటే దాని వెనుక మూర్ఛ ఉందా, తలకు పాత దెబ్బ ఉందా, థైరాయిడా, తాగుడు మానేసినప్పుడు వచ్చే మతిభ్రమా అని కూడా చూసే బాధ్యత ఆయనదే. సైకాలజిస్టు మెడికల్ డాక్టరు కాదు. మనసు పనిచేసే తీరు చదువుకుని, దాన్ని కొలిచే పరీక్షల్లో తర్ఫీదు పొందిన నిపుణులు. మన దేశంలో వాళ్లు మందులు రాయకూడదు. తన వృత్తికి చెందని మందుగానీ చికిత్సగానీ ఎవరూ సూచించకూడదని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 106వ సెక్షన్‌లో ఉంది. ఈ ఇద్దరిలో ఎవరైనా కోర్టు కోసం, పోలీసుల కోసం, జైలు కోసం పనిచేసినప్పుడు ముందు ‘ఫోరెన్సిక్’ వచ్చి చేరుతుంది. పోస్టుమార్టం చేసే ఫోరెన్సిక్ మెడిసిన్ డాక్టరు వీళ్లిద్దరూ కాని మూడో మనిషి. పేపర్లలో ముగ్గురినీ కలిపి ఫోరెన్సిక్ నిపుణులు అని రాసేస్తుంటారు, అందుకే ఇంత గందరగోళం.

మీ కేసుకి పనికొచ్చే విషయం ఇంకోటుంది. మీ తమ్ముడికి వర్తించే చట్టాల్లో ఫోరెన్సిక్ సైకియాట్రిస్టు, ఫోరెన్సిక్ సైకాలజిస్టు అనే పేర్లు లేవు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక్ సురక్షా సంహితలోనూ, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోనూ ఉన్నది సైకియాట్రిస్టు, క్లినికల్ సైకాలజిస్టు. క్లినికల్ సైకాలజిస్టు అంటే రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా (ఆర్‌సీఐ) గుర్తించిన కోర్సు చదివిన వ్యక్తి. ఆన్‌లైన్‌లో ఆరు నెలల సర్టిఫికెట్ కోర్సు చేసి ఫోరెన్సిక్ సైకాలజిస్టునని బోర్డు పెట్టుకున్నవాళ్లు కూడా ఉంటారు. కాబట్టి మీ ముందుకు ఎవరు వచ్చినా బోర్డు చూడకండి, రిజిస్ట్రేషన్ నంబరు అడగండి.

పిటిషన్ వేశాక ఏం జరుగుతుందో చెబుతాను. నిందితుడికి మతిస్థిమితం లేదని, తన తరఫు వాదన తాను చెప్పుకోలేడని మెజిస్ట్రేటుకు అనిపిస్తే, సంహితలోని 367వ సెక్షన్ కింద ముందు జిల్లా సివిల్ సర్జన్ చేతగానీ ప్రభుత్వం చెప్పిన మరో వైద్యాధికారి చేతగానీ పరీక్ష చేయిస్తారు. పాత సీఆర్‌పీసీలో ఇదే 328. అవునని సివిల్ సర్జన్ తేల్చితే ప్రభుత్వ ఆసుపత్రి లేదా ప్రభుత్వ మెడికల్ కాలేజీలోని సైకియాట్రిస్టు దగ్గరకో, క్లినికల్ సైకాలజిస్టు దగ్గరకో పంపుతారు. ఇక్కడిదాకా చట్టం ఇద్దరినీ ఒకే వరసలో పెట్టింది. కానీ ఆ అభిప్రాయం నచ్చక ఎవరైనా అప్పీలుకు వెళితే, మెడికల్ బోర్డులో కూర్చునేది దగ్గర్లోని ప్రభుత్వ ఆసుపత్రి సైకియాట్రీ విభాగాధిపతి, దగ్గర్లోని ప్రభుత్వ మెడికల్ కాలేజీ సైకియాట్రీ అధ్యాపకుడు. అందులో సైకాలజిస్టుకు కుర్చీ లేదు. విచారణ మొదలయ్యాక అనుమానం వస్తే దాదాపు ఇదే పద్ధతి 368వ సెక్షన్ కింద నడుస్తుంది. కాబట్టి సైకియాట్రిస్టు రాస్తేనే చెల్లుతుంది అన్నవారి మాట అక్షరాలా నిజం కాదు. కాకపోతే ఏళ్ల తరబడి మందులు వాడిన స్కిజోఫ్రీనియా రోగి విషయంలో ప్రధానమైన అభిప్రాయం సైకియాట్రిస్టుదే అవుతుంది. జబ్బు నిర్ధారణ, మందుల చరిత్ర, మందు మానేశాక ఎన్ని రోజులకు లక్షణాలు తిరగబెట్టాయన్నది ఆయన చెప్పాల్సినవే.

మెజిస్ట్రేటు కావాలనుకుంటే పరీక్ష కోసం పది రోజులకు మించకుండా ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఉంచమని కూడా ఆదేశించవచ్చు. మీ తమ్ముణ్ని అలా పంపితే కంగారు పడకండి. విశాఖ మానసిక వైద్యశాల అన్నా, హైదరాబాద్ ఎర్రగడ్డ అన్నా మనవాళ్లకు ఎగతాళి మాటలైపోయాయి. నిజానికి ఇలాంటి కేసులో అతనికి మేలు జరిగేది ఆ వార్డులోనే.

అక్కడ ఇద్దరి పనీ ఎలా ఉంటుందో చూడండి. సైకియాట్రిస్టు అతనితో ఒకసారి గంటసేపు మాట్లాడి సరిపెట్టుకోరు, కొన్ని రోజులు చూస్తారు. ఎఫ్‌ఐఆర్, రిమాండ్ రిపోర్టు, పాత ఓపీ చీటీలు చదువుతారు. రాత్రి డ్యూటీ నర్సు కేస్ షీట్‌లో రాసే రెండు లైన్లు మాలాంటివాళ్లకు చాలా విలువైనవి. ‘రెండింటికి లేచి కూర్చున్నాడు, గోడవైపు తిరిగి గొణుగుతున్నాడు, అన్నంలో ఏదో కలిపారని తినలేదు.’ డాక్టరు రౌండ్స్‌కు వచ్చినప్పుడు మాత్రమే పిచ్చిగా మాట్లాడి, ఆయన వెళ్లగానే పక్క మంచం మీదివాడితో చతుర్లాడుతూ ఇడ్లీ తినేవాడి కేస్ షీట్ వేరేగా ఉంటుంది. నటించేవాళ్లకు ఏది ఎంతవరకు చేయాలో తెలియదు, అతి చేస్తారు. రెండూ రెండూ ఎంతంటే ఐదు అంటారు, ఆవుకు కాళ్లెన్ని అంటే మూడంటారు. తప్పుగా చెప్పాలంటే సరైన జవాబు తెలిసి ఉండాలి కదా! ఇలా దాదాపు సరైన జవాబులిచ్చే తీరును గాన్సర్ అనే జర్మన్ డాక్టరు 1898లో ఖైదీల్లోనే చూసి వర్ణించాడు. అయితే ఇలాంటి జవాబులన్నీ నటనేనని కొట్టిపారేయడానికీ లేదు, నిజంగా మనసు చెదిరినవాళ్లూ ఒక్కోసారి ఇలాగే చెబుతారు. అందుకే రోజుల తరబడి చూడటం.

సైకాలజిస్టు పని బల్ల మీద జరుగుతుంది. ఎదురుగా కూర్చోబెట్టి, ఒక పద్ధతి ప్రకారం, అందరికీ ఒకేలా పెట్టే పరీక్షలు పెడతారు. తెలివితేటల స్థాయికి బినే–కామత్ లాంటివి, ఆలోచనల పోకడకు పది సిరా మరకల రోర్‌షాక్ కార్డులు, వ్యక్తిత్వానికి వందల ప్రశ్నల పట్టికలు. ఈ పట్టికల్లో మనిషి దాస్తున్నాడా, ఉన్నదానికంటే ఎక్కువ చేసి చెబుతున్నాడా అని పట్టుకునే కొలతలు కూడా కలిపి ఉంటాయి. మొత్తం పూర్తవ్వడానికి ఒక పూట చాలదు, మనిషి అలసిపోతే మర్నాటికి వాయిదా వేస్తారు. మంచి సైకాలజిస్టు ముందు చూసేది ఈ మనిషి ఎంతవరకు చదువుకున్నాడు, ఏ భాషలో ఆలోచిస్తాడు అన్నది. ఇంగ్లిష్‌లో తయారైన ప్రశ్నను అప్పటికప్పుడు తెలుగులోకి మార్చి అడిగితే వచ్చిన మార్కుకు అర్థం ఉండదు. రిపోర్టు మీ చేతికి వచ్చినప్పుడు ఏ పరీక్ష ఏ భాషలో పెట్టారో అందులో రాశారా అన్నది మీ లాయరు గారిని చూడమనండి.

సాధారణంగా ప్రభుత్వ ఆసుపత్రిలో సైకియాట్రిస్టే ఈ పరీక్షలు కావాలని సైకాలజిస్టుకు రాస్తారు, ఆ ఫలితాన్ని తన అభిప్రాయంలో కలుపుకుంటారు. బయట అనుకుంటున్నట్టు ఇద్దరి మధ్యా పోటీ ఏమీ ఉండదు.

మీ బావగారు పొరబడుతున్నది ఇంకోచోట. మతిస్థిమితం లేదని రాస్తే కేసు పోతుందనుకుంటున్నారు. కోర్టు ఇక్కడ రెండు వేర్వేరు ప్రశ్నలు అడుగుతుంది. ఒకటి, ఈ రోజు ఇతను విచారణ అర్థం చేసుకుని, లాయరుతో మాట్లాడి, తన వాదన చెప్పుకోగల స్థితిలో ఉన్నాడా? లేడని తేలితే కేసు పోదు, ఆగుతుంది. బాగయ్యాక మళ్లీ మొదలవుతుంది. రెండోది, ఆ రోజు పార ఎత్తిన క్షణంలో ఇతని మనసు ఏ స్థితిలో ఉంది? భారతీయ న్యాయ సంహిత 22వ సెక్షన్ చెప్పేది దీని గురించే. పాత ఐపీసీ 84 అన్నమాట. దాని మూలం 1843లో ఇంగ్లండ్‌లో జరిగిన మెక్‌నాటన్ కేసు దగ్గరుంది. ప్రధాని రాబర్ట్ పీల్ అనుకుని ఆయన కార్యదర్శిని కాల్చి చంపిన వ్యక్తిని మతి చెదిరినవాడని వదిలేస్తే దేశమంతా గగ్గోలు పుట్టింది, అప్పుడు జడ్జీలు గీసిన గీత అది. మతిస్థిమితం లేకపోవడం వల్ల తాను చేస్తున్న పని ఏమిటో తెలియకపోవాలి, లేదా అది తప్పనీ చట్టవిరుద్ధమనీ తెలియని స్థితిలో ఉండాలి. స్కిజోఫ్రీనియా ఉన్నంత మాత్రాన ఇది వర్తించదు. చేతబడి చేశాడని గట్టిగా నమ్మడం జబ్బు లక్షణమే, అయినా అది ఒక్కటే సరిపోదు. జబ్బుందా అన్నది డాక్టరు చెబుతారు, ఆ జబ్బు 22వ సెక్షన్ గీత లోపలికి వస్తుందా అన్నది జడ్జి తేలుస్తారు. సైకియాట్రిస్టు గానీ సైకాలజిస్టు గానీ ఇతను నిర్దోషి అని రిపోర్టులో రాశారంటే వాళ్లకు తమ పనే తెలియదని అర్థం.

దీన్ని నిరూపించే భారం మీవైపే ఉంటుంది. కాకపోతే ప్రాసిక్యూషన్‌లా అనుమానానికి తావులేకుండా నిరూపించనక్కర్లేదు, సివిల్ కేసులోలాగా అలా జరిగి ఉండటానికే అవకాశం ఎక్కువని చూపిస్తే చాలు. 1964లో దహ్యాభాయి ఠక్కర్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట ఇది. ఘటనకు ముందు, ఆ సమయంలో, తర్వాత అతని ప్రవర్తన ఎలా ఉందో చూడాలని కూడా అందులోనే ఉంది. ఇక్కడ మీరు చేయగలిగింది చాలా ఉంది. కొట్టాక పారిపోయాడా, అక్కడే కూర్చున్నాడా? పార దాచాడా? ఆ వారం నిద్రపోయాడా, స్నానం చేశాడా? కిరాణా కొట్టాయన, ఆటో అబ్బాయి, పక్క వీధివాళ్లు ఏం గమనించారు? మీరు కళ్లారా చూసింది తేదీలతో సహా ఒక నోటు పుస్తకంలో రాసి పెట్టండి. చూడనిది కలపొద్దు, తమ్ముడికి ఏం చెప్పాలో నేర్పొద్దు. నేర్పించిన మాట పాఠంలా వినిపిస్తుంది, ఎంత సర్దినా తెలిసిపోతుంది.

గుంటూరు డాక్టరు గారి ఓపీ చీటీలు, మందుల షాపు బిల్లులు అన్నీ వెతికి తీయండి. ఆఖరి బిల్లు తేదీయే మందులు ఎప్పుడు మానేశాడో చెప్పే సాక్ష్యం. ఆ డాక్టరు గారిని కోర్టు సాక్షిగా పిలవవచ్చు. అయితే ఆయన వైద్యం చేసిన డాక్టరు, కోర్టు కోసం పరీక్షించే డాక్టరు వేరు. ఈ తేడా తమ్ముడికి కూడా తెలియాలి. కోర్టు అడిగితే తప్ప, గుంటూరులో చెప్పుకున్నది గోప్యంగా ఉంటుంది. కోర్టు పంపిన సైకియాట్రిస్టుకో సైకాలజిస్టుకో చెప్పినది రిపోర్టులోకి వెళ్లవచ్చు. ఆ మాట వాళ్లు పరీక్షకు ముందే చెప్పాలి.

బోను ఎక్కినప్పుడు పబ్లిక్ ప్రాసిక్యూటర్ గారు మమ్మల్ని అడిగే ప్రశ్నలు దాదాపు ఎప్పుడూ ఇవే. ఎన్నిసార్లు చూశారు? ఎంతసేపు? ఎవరు పంపారు? ఫీజు ఎవరిచ్చారు? నటన కాదని ఎలా చెబుతారు? ఘటన జరిగి ఇన్ని నెలలయ్యాక ఆ రోజు సంగతి మీకెలా తెలుసు? 40 వేల రిపోర్టు రాసినాయన మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోతారు. పైగా కోర్టులో ఒకరు చూపిన మానసిక జబ్బు రుజువును అవతలివారు కాదంటే దాన్ని మెంటల్ హెల్త్ రివ్యూ బోర్డు పరిశీలనకు పంపాలని 2017 చట్టం 105వ సెక్షన్ చెబుతోంది. అంటే డబ్బు పోసి కొన్న కాగితం కూడా తిరిగి తిరిగి నిపుణుల ముందుకే వస్తుంది.

మీ లాయరు గారితో తప్పక మాట్లాడాల్సింది 369వ సెక్షన్. వాదన చెప్పుకోలేని స్థితిలో ఉన్నాడని తేలి, ఆసుపత్రిలోనే ఉంచి వైద్యం చేయాల్సిన అవసరం లేకపోతే, ఓపీలో క్రమం తప్పకుండా చూపిస్తామని, తనకుగానీ ఇతరులకుగానీ హాని చేయకుండా చూసుకుంటామని బంధువో స్నేహితుడో హామీ ఇస్తే బెయిల్‌పై విడుదల చేసే వీలుంది. నాన్‌బెయిలబుల్ కేసైనా సరే. హామీ ఇచ్చేముందు బాగా ఆలోచించుకోండి. మందులు మింగించేది మీరే, పక్కింటివాళ్ల భయం కూడా నిజమే. కొన్నాళ్లు వేరే ఊళ్లో ఉంచగలరేమో చూడండి.

ఇంకొక హెచ్చరిక. మందులేస్తే మామూలుగా అయిపోతాడు, కోర్టుకు జబ్బు కనిపించదు, కాబట్టి వాయిదా దాకా మందులు ఆపండి అని సలహా ఇచ్చేవాళ్లు తగులుతారు. వినకండి. నేరం జరిగిన రోజు స్థితిని తేల్చేది పాత రికార్డులు, సాక్షులు. ఈ రోజు అతను అల్లాడిపోతే మీకొచ్చే లాభం ఏమీ లేదు. వాడే మందుల పేర్లు, డోసులు రాసి, చీటీల జిరాక్సులు జతచేసి జైలు సూపరింటెండెంట్‌కు అర్జీ ఇవ్వండి, అందినట్టు సంతకం తీసుకోండి. లాయరు ఫీజు భారమైతే జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. కస్టడీలో ఉన్న వ్యక్తికి ఉచిత న్యాయ సహాయం హక్కు.

లై డిటెక్టర్ గురించి దిగులు వద్దు. పాలిగ్రాఫ్ (లై డిటెక్టర్ అంటే ఇదే), నార్కో, బ్రెయిన్ మ్యాపింగ్ ఏదైనా ఇష్టం లేకుండా చేయకూడదని 2010 మే 5న సెల్వీ కేసులో సుప్రీంకోర్టు తేల్చేసింది. ఒప్పుకున్నా ఆ ఒప్పుకోలు మెజిస్ట్రేటు ముందు నమోదు కావాలి. అందులో చెప్పిన మాటలు నేరుగా సాక్ష్యం కావు. మతిస్థిమితం మీదే వివాదం ఉన్న మనిషి సమ్మతికి ఏం విలువ అని మీ లాయరు గారు అడగవచ్చు. ఈ పరీక్షల్లో కూర్చునేవాళ్లే మన దగ్గర ఎక్కువగా ఫోరెన్సిక్ సైకాలజిస్టులన్న పేరుతో ఫోరెన్సిక్ ల్యాబుల్లో ఉద్యోగం చేస్తున్నవారు. నార్కోలో మత్తు ఇచ్చేది మత్తు డాక్టరు, ప్రశ్నలడిగేది వీళ్లు. జబ్బు నిర్ధారణ, వైద్యం వీళ్ల పని కాదు. మీ బావగారు చెప్పినాయన ఈ కోవకు చెందినవారే అయినా మీ తమ్ముడి విషయంలో ఆయన చేయగలిగింది లేదు.

ఇక అమ్మాయి సంగతి. నేర పరిశోధనలో హంతకుడి మనసు చదివి పట్టిచ్చే ఉద్యోగం అనుకుని వస్తే నిరాశ తప్పదు, అలాంటి పని మన దగ్గర చాలా తక్కువ. అసలు పని వేరేచోట ఉంది. అతి తీవ్రమైన నేరం చేశాడన్న 16–18 ఏళ్ల పిల్లవాణ్ని పెద్దవాడిలా విచారించాలా వద్దా అని జువెనైల్ జస్టిస్ బోర్డు ముందుగా అంచనా వేయాలి. బోర్డులో పిల్లల మనస్తత్వం తెలిసిన నిపుణులు లేకపోతే బయటినుంచి సాయం తీసుకుని తీరాలని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. ఉరిశిక్ష పడే అవకాశమున్న కేసుల్లో నిందితుడి మానసిక స్థితి రిపోర్టులు సెషన్స్ కోర్టు ముందు పెట్టాలని కూడా ఆ ఏడాదే మనోజ్ కేసులో చెప్పింది. పిల్లలపై లైంగిక నేరాల (పోక్సో) కేసుల్లో చిన్నపిల్లలతో మాట్లాడాలి, వాళ్లకు తోడుండాలి. వీటిలో చాలాచోట్ల సైకాలజిస్టుదే ముందు వరస.

మందులతో వైద్యం చేయాలనుంటే నీట్ రాసి ఎంబీబీఎస్, తర్వాత సైకియాట్రీలో ఎండీ. ఇంటర్న్‌షిప్‌తో కలిపి కనీసం ఎనిమిదిన్నరేళ్లు. ఆ పైన బెంగళూరు నిమ్హాన్స్‌లో ఫోరెన్సిక్ సైకియాట్రీలో ప్రత్యేక శిక్షణ ఉంది. నీట్ వద్దనుకుంటే సైకాలజీతో డిగ్రీ, పీజీ చేయొచ్చు. పీజీ దగ్గర దారి రెండుగా చీలుతుంది. ల్యాబు ఉద్యోగం కావాలంటే గాంధీనగర్‌లోని నేషనల్ ఫోరెన్సిక్ సైన్సెస్ యూనివర్సిటీలో ఫోరెన్సిక్ సైకాలజీ పీజీ ఉంది. మనుషులకు వైద్యం చేస్తూ కోర్టుకూ రిపోర్టులివ్వాలంటే ఆర్‌సీఐ గుర్తించిన క్లినికల్ సైకాలజీ కోర్సే చేయాలి. ఇన్నాళ్లూ అది రెండేళ్ల ఎం.ఫిల్.గా ఉండేది, ఇప్పుడు ఆ పద్ధతి మారుతోంది. చేరేముందు ఆ ఏడాది గుర్తింపు ఉన్న కాలేజీల జాబితాను ఆర్‌సీఐ వెబ్‌సైటులో చూడమనండి, ఏజెంట్లు చెప్పేది నమ్మొద్దు. నన్నడిగితే ల్యాబు దారికంటే రెండో దారికే మొగ్గుతాను. కోర్టు పని దొరకని రోజు కూడా ఆసుపత్రిలో ఆమెకు పనుంటుంది.

ఈలోగా మావయ్య కేసు ఫైలు ఆమెకు పూర్తిగా చదవనివ్వకండి. ఇంటర్ పరీక్షలు కానివ్వండి ముందు.